కండరాలు పట్టేసినప్పుడు సడలింపు మాత్ర: ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ దిగువన తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ముగించుకున్న వారితో మరునాడు విశాఖపట్నంలోని మందుల దుకాణాలు నిండిపోతాయి. "పిక్కలు పట్టేశాయి, తొడలు లాగేస్తున్నాయి, ఏదైనా మంచి బిళ్ళ ఇవ్వండి" అని అడిగేవారే ఎక్కువ. ఫార్మసిస్టుగా కౌంటరు వెనుక నిలబడే నాకు ఏటా ఆ రోజు కొంత ఆందోళనగానే ఉంటుంది. అడిగేవారి నొప్పి నిజమైనదే. అయితే వారు పేరు చెప్పి అడిగే మాత్రల్లో చాలావాటిలో నొప్పి మందుతో పాటు కండరాల సడలింపు మందు కూడా కలిసి ఉంటుంది. ఆ సంగతి తెలియకుండానే దాన్ని మింగి, బండి నడుపుకుంటూ డ్యూటీకి వెళ్లిపోతారు.

మజిల్ రిలాక్సెంట్ అని వైద్యులు రాసే ఈ మందు చెడ్డదేమీ కాదు. నడుం పట్టేసి మంచం మీద పక్కకు తిరగలేని మనిషికి రెండు మూడు రాత్రులు నిద్ర పట్టేలా చేసి, లేచి నడవడానికి అవకాశమిచ్చే మందు ఇది. దాన్ని సరైన నొప్పికి, సరైన మోతాదులో, కొద్ది రోజులకు మాత్రమే ఎలా వాడుకోవాలో వివరించడానికే ఇది రాస్తున్నాను.

మందు ఎక్కడ పనిచేస్తుంది

ముందుగా తొలగించుకోవలసిన అపోహ ఒకటుంది. కండరాల సడలింపు మందు అనగానే అది నేరుగా పట్టేసిన కండరం దగ్గరకు వెళ్లి దాన్ని వదులు చేస్తుందని చాలామంది అనుకుంటారు. మనం సాధారణంగా మింగే ఈ రకం మాత్రలు ప్రధానంగా మెదడు మీద, వెన్నుపాము మీద పనిచేస్తాయి. కండరాన్ని బిగించమని అక్కడి నుంచి నరాల గుండా వెళ్లే సంకేతాలను అవి మందగింపజేస్తాయి. అందువల్ల బిగుతు తగ్గడంతో పాటు మగత, తల తిరగడం, నోరు ఎండిపోవడం, మాటలో, నడకలో తడబాటు కూడా రావచ్చు. మెడ నొప్పికి వేసుకున్న మాత్ర మెడ దగ్గరే ఆగిపోదు. స్టీరింగు పట్టుకున్న చేతిని, బ్రేకు తొక్కవలసిన కాలిని, ఎదురొచ్చే లారీని గుర్తించవలసిన కంటిని కూడా అది నెమ్మదింపజేస్తుంది. ఈ మందు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలలో అధిక భాగం ఈ ఒక్క సంగతి నుంచే పుట్టినవి.

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్లు ఇచ్చే కండరాల సడలింపు ఇంజెక్షన్లకూ వీటికీ సంబంధం లేదు. అవి నరం కండరాన్ని తాకే చోట పనిచేసి, ఊపిరి కండరాలను కూడా ఆపివేస్తాయి కనుక వెంటిలేటరు సాయంతోనే వాడతారు. ఆ సంగతి ఎక్కడో చదివి, డాక్టరు రాసిన మాత్రను భయంతో మానేసినవారిని కూడా నేను చూశాను. పేరు ఒక్కటే గాని అవి వేరు, ఇవి వేరు.

ఏ నొప్పికి వేసుకోవాలి, దేనికి వద్దు

అకస్మాత్తుగా బరువెత్తినప్పుడో, రాత్రి మెడ వంకరగా పెట్టి పడుకున్నప్పుడో కండరం గట్టి ముద్దలా బిగుసుకుపోయి, కదిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. ఇలా హఠాత్తుగా పట్టేసిన నడుముకు, మెడకు ఈ మందు కొంత ఉపశమనం ఇస్తుంది. అక్కడ కూడా ఇది మొదటి ఆయుధం కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలామందిలో ఏ చికిత్స చేసినా చేయకపోయినా కాలక్రమేణా తగ్గుముఖం పడుతుందని చెప్పి, ముందుగా వేడి కాపడం, మర్దన వంటి మందులు లేని పద్ధతులను సూచించాయి. మందు కావాలనుకుంటే నొప్పి మాత్ర గాని, కండరాల సడలింపు మాత్ర గాని వాడవచ్చన్నాయి. నెలల తరబడి వేధించే నొప్పికి ఈ మాత్రలను అదే పనిగా వాడడం వల్ల మేలు కలుగుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

గిరిప్రదక్షిణ తర్వాత వచ్చే ఒళ్లునొప్పులు వేరే కోవకు చెందినవి. అలవాటు లేని శ్రమ వల్ల కండరపు పోగుల్లో కలిగే సూక్ష్మమైన గాయాల నొప్పి అది. సాధారణంగా నడిచిన మరునాడు మొదలై, రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, దానంతటదే తగ్గుతుంది. అందులో సడలించవలసిన బిగింపు పెద్దగా లేదు కనుక సడలింపు మాత్ర వేసుకుంటే మిగిలేది ఎక్కువగా మగతే. గోరువెచ్చని నీళ్లతో స్నానం, తగినన్ని నీళ్లు, ఇంట్లో మెల్లగా అటూ ఇటూ నడవడం, మరీ అవసరమైతే ఒక పారాసెటమాల్ చాలు. అయితే విపరీతమైన శ్రమ తర్వాత కండరాలు వాచిపోయి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఇంట్లో ఉండకూడదు. కండరం కరిగి మూత్రపిండాలను దెబ్బతీసే పరిస్థితికి అది గుర్తు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మన సముద్రతీరపు ఉక్కపోతలో ఎండన పడి పనిచేసేవారికి పిక్కలు ఉన్నట్టుండి కొంకర్లు పోవడం ఇంకో రకం. చెమటతో నీరు, ఉప్పు పోవడమే చాలాసార్లు దానికి కారణం. దానికి కావలసింది నీడ, ఓఆర్‌ఎస్, పట్టేసిన పిక్కను మెల్లగా సాగదీయడం. రక్తపోటుకు నీటి మాత్రలు వాడేవారిలో పొటాషియం తగ్గడం వల్ల, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవారిలో ఆ మందు వల్ల, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారిలో ఆ జబ్బు వల్ల కూడా కండరాలు నొప్పి పుడతాయి. అసలు కారణాన్ని వదిలేసి సడలింపు మాత్ర మీద మాత్ర వేస్తూ పోతే కాలం వృథా కావడమే గాక జబ్బు లోపల పెరుగుతుంది.

కొన్ని నొప్పులకు ఏ మాత్రా వేసుకోకుండా వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. నడుం నొప్పితో పాటు మూత్రం బిగిసిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కడం, కాలు బలహీనపడి ఈడ్చుకుపోవడం కనిపిస్తే వెన్నుపాము చివరి నరాల కట్ట నలిగిపోతున్నట్లు అనుమానించాలి. అది గంటలు లెక్కపెట్టుకోవలసిన అత్యవసర స్థితి. జ్వరం, తలనొప్పితో మెడ బిగుసుకుపోతే మెదడు పొరల ఇన్ఫెక్షన్ కావచ్చు. గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు. ఎడమ భుజం, దవడ, వీపు లాగేస్తూ చెమటలు పడితే అది గుండెపోటేమోనని ముందుగా చూడాలి. "గ్యాసు పట్టేసిందిలే, నరం పట్టేసిందిలే" అనుకుని కాలయాపన చేయరాదు. పెద్ద దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన నొప్పి, బరువు తగ్గిపోతూ రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి, గతంలో క్యాన్సరు వచ్చినవారికి కొత్తగా మొదలైన వెన్ను నొప్పి కూడా ఇంట్లో వైద్యం చేసుకోదగినవి కావు.

స్ట్రిప్ వెనుక చదవవలసిన మూడు పంక్తులు

మీ ఇంట్లో నొప్పులకని దాచుకున్న స్ట్రిప్ ఒకటి తీసి, వెండిరంగు రేకు వైపు తిప్పి, వెలుతురు దగ్గర పట్టుకుని చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు. దానితో మనకు పని లేదు. దాని కింద చీమల బారులా ఉండే చిన్న అక్షరాల్లో ఒక్కో మాత్రలో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నదో రాసి ఉంటుంది. ఎసెక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325, థయోకోల్చికోసైడ్ 4 అనో, మూడోది క్లోర్జోక్సజోన్ 250 అనో కనిపించవచ్చు. మొదటి రెండూ నొప్పి మందులు, మూడోది సడలింపు మందు. స్ట్రిప్ మీద ఎర్రటి గీత ఉంటే అది వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని మందు అని అర్థం. సడలింపు మందులు ఈ కోవలోనివే. పాత చీటీ చూపించి నెలనెలా కొనుక్కోవడం, పక్కింటివారికి పనిచేసిందని వారి మాత్ర తెచ్చుకోవడం ఆ గీత ఉద్దేశాన్ని కాలరాయడమే.

ఈ మూడు పంక్తులు చదవడం వచ్చినవారు ఒక పెద్ద ప్రమాదం నుంచి బయటపడతారు. నడుముకు ఒక డాక్టరు రాసిన మాత్రలో ఎసెక్లోఫెనాక్ ఉంటుంది. పంటికి ఇంకొకరు రాసిన మాత్రలో డైక్లోఫెనాక్ ఉంటుంది. పేర్లు వేరు, రంగులు వేరు కనుక రెండూ వేసుకుంటారు. ఆ రెండూ ఒకే జాతి మందులు. కలిపి వేసుకుంటే నొప్పి రెట్టింపు తగ్గదు గాని, కడుపులో పుండు, రక్తస్రావం, మూత్రపిండాల మీద భారం మాత్రం పెరుగుతాయి. ఎసెక్లోఫెనాక్ రోజుకు మొత్తం 200 మిల్లీగ్రాములు దాటరాదు, అంటే పైన చెప్పిన మాత్ర రోజుకు రెండే. మూడోది వేసుకునే హక్కు నొప్పి ఎంత తీవ్రంగా ఉన్నా మనకు లేదు. దానిలోని పారాసెటమాల్‌ను కూడా, జ్వరానికని విడిగా వేసుకునే 650 మాత్రలతో కలిపి లెక్క వేసుకోవాలి. పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటకూడని హద్దు. మద్యం అలవాటున్నవారికి, కాలేయం బాగులేనివారికి హద్దు ఇంకా తక్కువ.

ఒక్కో మందుకూ ఒక్కో స్వభావం

థయోకోల్చికోసైడ్ మన దగ్గర విరివిగా రాసే మందు. అడవినాభి మొక్క గింజల నుంచి తీసే పదార్థాన్ని మార్చి దీన్ని తయారుచేస్తారు. (ఆ మొక్క దుంప ప్రాణాంతకమైన విషం, నాటువైద్యం పేరుతో ఎవరైనా ఇస్తే ముట్టరాదు.) ఈ మందు శరీరంలో విడిపోయినప్పుడు ఏర్పడే ఒక పదార్థం కణాల్లోని క్రోమోజోముల సంఖ్యను దెబ్బతీయగలదని తేలడంతో, యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2013లో దీని వాడకం మీద గట్టి పరిమితులు సూచించింది. నోటి ద్వారా అయితే 8 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటలకు ఒకసారి, ఏడు రోజులకు మించకుండా. ఇంజెక్షన్ అయితే ఐదు రోజులకు మించకుండా. పదహారేళ్లు నిండనివారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, గర్భనిరోధకం వాడకుండా గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలకు అసలే వద్దు. మూర్ఛ ఉన్నవారికి కూడా ఇది మంచిది కాదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి నడుం నొప్పి అని దుకాణానికి వస్తే, నెలసరి సంగతి అడగడానికి మొహమాటపడి మాత్ర చేతిలో పెట్టేవారు ఉన్నారు. ఆ ప్రశ్న అడగడం ఫార్మసిస్టు బాధ్యత. అడగకపోయినా తామే చెప్పడం స్త్రీలకు క్షేమం.

క్లోర్జోక్సజోన్ వేసుకున్నవారిలో కొందరికి మూత్రం నారింజ రంగులో గాని, ఊదా కలిసిన ఎరుపులో గాని రావచ్చు. రంగు మారడం ఒక్కటే అయితే భయం లేదు. అరుదుగా ఈ మందు కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది కనుక, ఆకలి చచ్చిపోయి, కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులోకి మారితే మందు ఆపి వెంటనే వైద్యుని కలవాలి. మెథోకార్బమాల్‌తో కూడా మూత్రం రంగు మారవచ్చు. సైక్లోబెంజాప్రిన్ నిర్మాణంలో పాత తరం డిప్రెషన్ మందులకు దగ్గరి బంధువు. అందుచేత గుండె లయ తప్పేవారికి, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా ఉన్నవారికి, ప్రోస్టేటు వల్ల మూత్రం సాఫీగా రానివారికి ఇబ్బంది కలిగిస్తుంది. దాన్ని రెండు మూడు వారాలకు మించి వాడరు. నెమ్మదిగా విడుదలయ్యే క్యాప్సూల్ అయితే విప్పి నమలకూడదు.

బాక్లోఫెన్ ప్రధానంగా పక్షవాతం, వెన్నుపాము గాయం వంటి వాటి తర్వాత కాళ్లు చేతులు బిగుసుకుపోయేవారి కోసం ఉన్న మందు. మామూలు నడుం నొప్పికి తగినది కాదు. ఇది ఎక్కువగా మూత్రం ద్వారానే బయటకు పోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది ఒంట్లోనే పేరుకుపోయి, మనిషిని అయోమయంలోకి, స్పృహ లేని స్థితిలోకి నెట్టగలదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి కిడ్నీ జబ్బుతో చికిత్సకు విశాఖ వచ్చేవారు ఎందరో ఉన్నారు. వారు, వారి వెంట వచ్చే బంధువులు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బాక్లోఫెన్ ఒక్కటే కాదు, ఎసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా దెబ్బతిన్న కిడ్నీకి శత్రువులే. "నాకు కిడ్నీ జబ్బు ఉంది" అన్న మాట మందుల చీటీ రాయించుకునేటప్పుడే కాక, కౌంటరు దగ్గర కూడా చెప్పాలి. బాక్లోఫెన్‌ను చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా ఆపినా ప్రమాదమే. లేనివి కనిపించడం, మూర్ఛలు రావచ్చు. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రలు మరచిపోకుండా చూసుకోవాలి. ఆపవలసివస్తే వైద్యుడు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి.

డయాజిపామ్‌ను కూడా ఒక్కోసారి కండరాల బిగుతుకు రాస్తారు. అలవాటుగా మారే మందు అది. దుకాణాలు దాని అమ్మకాన్ని ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయవలసిన షెడ్యూల్ హెచ్-1 జాబితాలో ఉంది. ఎవరికైనా రిజిస్టరులో పేరు రాసుకుంటే చిన్నతనంగా అనిపించవచ్చు గాని, ఆ నమోదు వారి మేలు కోసమే.

టిజానిడిన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దాని ప్రమాదాన్ని నేను మా ఇంట్లోనే చూశాను.

మా పెద్దమ్మకు అరవై ఎనిమిదేళ్లప్పుడు, నీళ్ల బిందె ఎత్తబోయి నడుం పట్టేసింది. ఒక క్లినిక్‌లో టిజానిడిన్ 2 మిల్లీగ్రాముల మాత్రలు రాత్రిపూట వేసుకోమని రాశారు. రెండు రోజుల్లో నొప్పి సగం తగ్గింది. నాలుగో రోజున మూత్రంలో మంట అని దగ్గరలోని ఇంకో క్లినిక్‌కు వెళ్లింది. వారు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. అక్కడ నడుము మాత్ర సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రాత్రి రెండూ వేసుకుని పడుకుంది. తెల్లవారుజామున బాత్‌రూముకు వెళ్తూ గుమ్మం దగ్గరే కుప్పకూలింది. మేం వెళ్లేసరికి పెదవులు తడారిపోయి, పిలిస్తే "ఊఁ" అనడం తప్ప కళ్లు తెరవలేకపోతోంది. ఆసుపత్రిలో చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. మంచం పక్కనున్న స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు, దాని పక్కన రెండు స్ట్రిప్‌లు కనిపించాయి. ఒకదానిలో నాలుగు గుంతలు, ఇంకోదానిలో రెండు గుంతలు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండింటినీ పక్కపక్కన చూడగానే జరిగిందేమిటో నాకు అర్థమైంది.

కాలేయంలో టిజానిడిన్‌ను విడగొట్టే ఎంజైమును సిప్రోఫ్లాక్సాసిన్ అడ్డుకుంటుంది. అప్పుడు రక్తంలో టిజానిడిన్ ప్రభావం సుమారు పది రెట్లు పెరగగలదు. ఒక మాత్ర వేసుకున్నా పది వేసుకున్నట్టే అన్నమాట. డిప్రెషన్‌కు, చేసిన పనినే పదేపదే చేయించే ఓసీడీ అనే జబ్బుకు వాడే ఫ్లూవోక్సమిన్‌తో అయితే ఇది ఇంకా ఎక్కువ. ఈ రెంటిలో దేన్నీ టిజానిడిన్‌తో కలిపి ఇవ్వకూడదని మందుల పుస్తకాలన్నీ స్పష్టంగా చెబుతాయి. గర్భనిరోధక మాత్రలు కూడా దాని స్థాయిని పెంచుతాయి. బీపీ మాత్రలు, ప్రోస్టేటుకు వాడే కొన్ని మాత్రలు తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మా పెద్దమ్మ సెలైన్ ఎక్కించిన తర్వాత సాయంత్రానికి కోలుకుంది. నుదుటి మీది మచ్చ మాత్రం ఉండిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో వాడే మందులన్నిటి పేర్లూ ఒక కాగితం మీద రాసి, ఆరోగ్యశ్రీ కార్డుతో పాటు అదే కవరులో పెడుతున్నాం. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టడం మాకు అలవాటైంది.

టిజానిడిన్‌ను ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినవారు కూడా ఒక్కసారిగా మానకూడదు. బీపీ ఎదురుతిరిగి పెరుగుతుంది. ఎక్కువకాలం వాడేవారికి మధ్యమధ్యలో కాలేయ పరీక్ష చేయిస్తారు.

వేసుకునే పద్ధతి

కొత్తగా రాసిన సడలింపు మాత్రలో మొదటిదాన్ని, డాక్టరు వేరుగా చెప్పకపోతే, రాత్రి భోజనం తర్వాత పడుకునే ముందు వేసుకోవడం మేలు. మీ శరీరం దానికి ఎలా స్పందిస్తుందో ఆ రాత్రి ఇంట్లోనే తెలిసిపోతుంది. మంచం నుంచి బాత్‌రూము వరకు దారిలో అడ్డాలు తీసి, చిన్న దీపం వెలిగించి ఉంచాలి. రాత్రి లేవవలసివస్తే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, తర్వాత నిలబడాలి. ఒక పూట మరచిపోతే మరుసటి పూటకు రెండు వేసుకోకూడదు, మరచినదాన్ని వదిలేయాలి.

మందు వాడే రోజుల్లో మగత ఉన్నంతవరకు బండి, ఆటో, లారీ నడపకూడదు. ఉదయం లేచాక తల బరువుగా ఉంటే ఆ పూట కూడా నడపకూడదు. పోర్టులో క్రేను ఎక్కేవారు, స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసేవారు, ఎత్తు మీద వెల్డింగు చేసేవారు, గాజువాక నుంచి ఆనందపురం దాకా జాతీయ రహదారి మీద రోజూ తిరిగే డ్రైవర్లు ఈ మాత్ర రాయించుకునేటప్పుడే తమ పని ఏమిటో డాక్టరుకు చెప్పి, మగత కలిగించని ప్రత్యామ్నాయం గాని, రెండు రోజుల సెలవు చీటీ గాని అడగాలి. ఫిషింగ్ హార్బరు నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే మత్స్యకార సోదరులకు ఇది మరీ ముఖ్యం. వలలు లాగి నడుం పట్టేయడం వారికి నిత్యం ఉన్నదే. అయినా ఊగే పడవ మీద మగత మాత్ర వేసుకుని అంచున నిలబడడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. నొప్పి అంతగా ఉంటే ఆ ఒక్క వేటకు వెళ్లకపోవడమే మేలని నేను వారికి నేరుగానే చెబుతాను.

మద్యం సంగతి. నొప్పికి మాత్ర, అలసటకు చుక్క అని రెండూ కలిపితే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదముంది. మాత్ర వాడే రోజుల్లో మద్యం ఒక్క చుక్క కూడా వద్దు. నిద్రమాత్రలు, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు, నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, ప్రెగాబలిన్, జలుబుకు వాడే మగత మాత్రలు కూడా ఇదే దారిలో పనిచేస్తాయి కనుక డాక్టరుకు తెలియకుండా కలపరాదు. గట్టిగా గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసేవారు, మయస్థీనియా అనే కండరాల బలహీనత జబ్బు ఉన్నవారు తమ సంగతి ముందే చెప్పాలి.

అరవై ఐదేళ్లు దాటినవారికి ఈ మందుల్లో చాలావాటిని వీలైనంతవరకు ఇవ్వవద్దని, మగత వల్ల పడిపోయి తుంటి ఎముక విరగడం వంటివి జరుగుతాయని వృద్ధుల వైద్యంలో ప్రామాణికంగా చూసే బీర్స్ జాబితా హెచ్చరిస్తుంది. ఇంట్లో పెద్దవారికి కొత్తగా ఈ మాత్ర మొదలుపెడితే మొదటి రెండు మూడు రాత్రులు ఎవరో ఒకరు వారి గదిలోనే పడుకోవాలి.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు నేను చెప్పేది ఇదే. రాసిన రోజులే, అంతకంటే ముందే నొప్పి తగ్గితే డాక్టరును అడిగి ఆపడమే. కొద్ది రోజులే వాడిన మాత్రను ఆపడం సాధారణంగా ఇబ్బంది కాదు. వారం గడిచినా నొప్పి అలాగే ఉంటే అదే స్ట్రిప్ మళ్లీ కొనడం కాకుండా మళ్లీ డాక్టరుకు చూపించుకోవాలి. "ఒక సూది వేయించుకుంటే పోతుంది" అని కొందరు తొందరపెడతారు. సూది కొంచెం త్వరగా పనిచేయవచ్చు గాని, అందులో ఉన్నదీ ఈ మందులే, ప్రమాదాలూ ఇవే. సూదిలో ఏం మందు ఎక్కించారో అడిగి కాగితం మీద రాయించుకోకుండా బయటకు రావద్దు.

మిగిలిన మాత్రలను స్ట్రిప్‌లోనే ఉంచాలి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కనుక విడిగా డబ్బాలో పోసుకుంటే పాడవుతాయి, పేరు కూడా తెలియకుండా పోతుంది. పిల్లల చేతికి అందనివ్వకూడదు.

మాత్రకు తోడుగా

బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన మంచు, ఆ తర్వాత వేడి; వాపు లేకుండా పట్టేసిన నడుముకు, మెడకు మొదటి నుంచే వేడి కాపడం. మన ఇళ్లలో పెట్టే ఉప్పు కాపడం ఇందుకు చక్కగా సరిపోతుంది. రాళ్ల ఉప్పును మూకుడులో వేయించి, మందమైన నూలుగుడ్డలో మూట కట్టి, ముందు మీ ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకుని, ఓర్చుకోగలిగిన వేడిలో పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. మాత్ర వేసుకుని మగతగా ఉన్నప్పుడు కాపడం పెట్టుకుని నిద్రపోవద్దు. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారికి చర్మం కాలినా తెలియదు కనుక వారికి ఇంకొకరు దగ్గరుండి పెట్టాలి.

రోజుల తరబడి మంచం మీదే పడుకుంటే నడుం ఇంకా బిగుసుకుపోతుంది. మొదటి రోజు విశ్రాంతి తీసుకున్నా, రెండో రోజు నుంచి ఇంట్లోనే గంటకోసారి నాలుగు అడుగులు వేయాలి. నొప్పి సగానికి తగ్గాక, తెల్లవారుజామున వాహనాలు ఆపే వేళలో బీచ్ రోడ్డు మీద మెల్లగా నడవడం మంచిది. ఇసుకలో మాత్రం వద్దు. అడుగు కుంగినప్పుడల్లా నడుము మళ్లీ మెలితిరుగుతుంది. మాత్ర ఇచ్చిన ఆ రెండు మూడు రోజుల వెసులుబాటును ఈ కదలికకు వాడుకుంటేనే దాన్ని వేసుకున్నందుకు ఫలితం.

మందు వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ముఖం, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, మనిషిని ఎంత తట్టినా లేవకపోయినా, మూర్ఛ వచ్చినా 108కు ఫోన్ చేయాలి. వాంతి చేయించడానికి ప్రయత్నించకూడదు. ఊపిరి సాఫీగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)కి వెళ్లినా, దగ్గరలోని మరే ఆసుపత్రికి వెళ్లినా, ఇంట్లో దొరికిన ఖాళీ స్ట్రిప్‌లన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లి, ఎన్ని మాత్రలు, ఏ సమయానికి వేసుకున్నారో డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. ప్రమాదం అంత తీవ్రం కాకపోయినా, మందు వల్ల చెడు జరిగిందని అనుమానం ఉంటే భారత ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు ఎవరైనా, చదువుతో నిమిత్తం లేకుండా, స్వయంగా తెలియజేయవచ్చు. ఫోన్ చేసేటప్పుడు స్ట్రిప్ చేతిలో ఉంచుకోండి. వారికి కావలసింది ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.